కృష్ణ ఒడ్డున బౌద్ధ క్షేత్రాలను, మ్యూజియాలను చూసి రావడం ఎలా: సమగ్ర మార్గదర్శి

కృష్ణానది ఒడ్డున ఉన్న ప్రాచీన స్తూపాలను చూసి వచ్చినవారిలో చాలామంది, అక్కడ ఒక మట్టిదిబ్బ, నాలుగు విరిగిన రాళ్లు తప్ప ఏమీ మిగలలేదని నిరాశ పడుతుంటారు. వారు చూసినది నిజమే గాని, చూసిన వరుస సరైనది కాదు. ఈ నదీతీరపు శిల్పసంపద ఒకచోట నిలిచి లేదు. అమరావతి స్తూపపు పలకల్లో కొన్ని ఆ ఊరి మ్యూజియంలోను, కొన్ని చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియంలోను, మరికొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోను ఉన్నాయి. ఎన్నో పలకలు సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. నాగార్జునకొండ లోయ జలాశయం అడుగున ఉంది. అందువల్ల ఇక్కడికి వచ్చేవారు దిబ్బను మ్యూజియంతో, మ్యూజియంలోని రాతిని దిబ్బతో జతపరుచుకుంటూ చూడాలి. ఆ జతపరిచే పని ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ వరుసలో సాగించాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి మెట్టు: రోజులను, కాలాన్ని నిర్ణయించుకోవడం

ఈ ప్రయాణానికి మూడు రోజులు అవసరం. ఒకటి అమరావతికి, ఒకటి నాగార్జునకొండకు, ఒకటి నది దిగువన ఉన్న భట్టిప్రోలు, ఘంటసాలలకు. రెండు రోజులే దొరికితే దిగువ ప్రాంతాన్ని మరోసారికి వాయిదా వేసుకోవచ్చు గాని, అమరావతిని, నాగార్జునకొండను ఒకే రోజులో చుట్టిరావాలని మాత్రం ప్రయత్నించవద్దు. రెండింటి మధ్య దారి పల్నాడు పొడవునా సాగుతుంది. రోజులో ఎక్కువ భాగం బండిలోనే గడిచిపోతుంది.

కేంద్ర పురావస్తు శాఖ నిర్వహించే క్షేత్ర మ్యూజియాలకు శుక్రవారం సెలవు. అమరావతి మ్యూజియానికి, నాగార్జునకొండ ద్వీపంలోని మ్యూజియానికి ఈ నియమం వర్తిస్తుంది. శుక్రవారం ప్రయాణంలో ఉండక తప్పనివారు ఆ రోజును ఉండవల్లి గుహలకు గాని, భట్టిప్రోలు, జగ్గయ్యపేట వంటి ఆరుబయటి కట్టడాలకు గాని కేటాయించుకుంటే రోజు వృథా కాదు. కేంద్ర రక్షిత కట్టడాల్లో 15 సంవత్సరాలలోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు. తెరిచే వేళలు, లాంచీ ఛార్జీలు మారుతూ ఉంటాయి కనుక బయలుదేరే ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

కాలం విషయంలో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అన్నివిధాలా అనుకూలం. ఏప్రిల్, మే నెలల్లో పల్నాటి ఎండ నెత్తిని మాడ్చేస్తుంది. నీడ లేని స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేయడం అప్పుడు దుస్సాధ్యం. వర్షాకాలం చివర జలాశయం నిండి, గేట్లు ఎత్తినప్పుడు సాగర్ చూడముచ్చటగా ఉంటుంది. అయితే వరద, ఈదురుగాలుల కారణంగా లాంచీలను ఆపివేసే రోజులు కూడా అప్పుడే ఎక్కువ.

రెండవ మెట్టు: వెళ్లే ముందే స్తూపపు భాగాలను గుర్తుపెట్టుకోవడం

స్తూపం నిర్మాణం తెలియకుండా పలకలను చూస్తే అవి అందమైన ముక్కలుగానే కనిపిస్తాయి. ఐదారు మాటలు తెలిస్తే చాలు, ప్రతి ముక్కా తన చోటును తానే చెబుతుంది. అడుగున గుండ్రని అరుగులా ఉండేది వేదిక. దాని మీద బోర్లించిన గిన్నెలా ఉండేది అండం. అండం నెత్తిన చదరపు కంచెలా ఉండేది హర్మిక, దాని పైన ఛత్రం. ఈ మొత్తం చుట్టూ ప్రదక్షిణ మార్గాన్ని విడిచి, నిలువు స్తంభాలతోను, అడ్డపట్టెలతోను నిలిపిన రాతి కంచె ప్రాకారం. స్తంభాల మీద, అడ్డపట్టెల మీద కనిపించే గుండ్రని పద్మాలు ఈ ప్రాకారానికి చెందినవి.

ఆంధ్రదేశపు స్తూపాలకు ప్రత్యేకమైనవి ఆయక స్తంభాలు. నాలుగు దిక్కులా వేదిక నుంచి ముందుకు చొచ్చుకువచ్చిన అరుగుల మీద ఐదేసి చొప్పున నిలిపిన ఈ స్తంభాలు బుద్ధుని జీవితంలోని ఐదు ఘట్టాలకు, అనగా జననం, మహాభినిష్క్రమణ, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తన, మహాపరినిర్వాణాలకు సంకేతాలు. సాంచీలో కనిపించే తోరణ ద్వారాల కోసం ఇక్కడ వెతకవద్దు.

మరొక విషయం కూడా తెలిసి ఉండాలి. తొలినాటి శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. ఖాళీ సింహాసనం, రావిచెట్టు, ధర్మచక్రం, పాదముద్రలు, మంటలు చిమ్మే స్తంభం కనిపిస్తే అక్కడ బుద్ధుడు ఉన్నట్టే. తరువాతి పలకల్లో మానవరూపం వస్తుంది. ఈ ఒక్క తేడాను పట్టుకుంటే, ఎదురుగా ఉన్న రెండు పలకల్లో ఏది ముందుదో ఏది వెనుకదో చాలా సందర్భాల్లో మీరే ఊహించగలుగుతారు.

మూడవ మెట్టు: అమరావతి, ముందు మ్యూజియం, తరువాత స్తూపం

ముందుగా దారి గురించి ఒక హెచ్చరిక. రాజధాని అమరావతి వేరు, స్తూపం ఉన్న పాత అమరావతి ఊరు వేరు. తుళ్లూరు, వెలగపూడి ప్రాంతాల నుంచి నది ఎగువకు, పడమరగా వెళితే పాత ఊరు వస్తుంది. ఇది ప్రస్తుతం పల్నాడు జిల్లాలో ఉంది. గుంటూరు నుంచి సుమారు 35 కిలోమీటర్ల దూరం, బస్సులు తరచుగా ఉంటాయి. ఫోన్‌లోని మ్యాపులో "అమరావతి" అని మాత్రమే కొట్టి బయలుదేరితే సచివాలయం దగ్గర తేలే ప్రమాదం ఉంది. "అమరావతి మహాచైత్యం" అని గాని, "అమరేశ్వరాలయం" అని గాని వెతకాలి. మహాచైత్యం అంటే ఇక్కడి పెద్ద స్తూపమే.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు స్తూపాన్నే ముందు చూశాను. పచ్చిక మధ్య ఇటుకల గుండ్రని ఆకారం తప్ప ఏమీ అర్థం కాలేదు. మ్యూజియం చూశాక మళ్లీ వెనక్కి నడిచి వెళితే, అదే ఇటుకల మీద లేని పలకలన్నీ కనిపించసాగాయి. అప్పటి నుంచి ఎవరు అడిగినా మ్యూజియంతోనే మొదలుపెట్టమని చెబుతున్నాను. రెండూ నడిచి వెళ్లేంత దగ్గరలోనే ఉన్నాయి.

మ్యూజియంలో మొట్టమొదట మహాచైత్యపు నమూనాను, ప్రాకారంలో కొంత భాగాన్ని తిరిగి నిలబెట్టిన చోటును చూడండి. రాతి కంచె మనిషి కన్నా ఎంత ఎత్తుగా ఉండేదో దాని పక్కన నిలబడితేనే తెలుస్తుంది. ఆ తరువాత పలకల మీద స్తూపాన్నే చెక్కిన పలక కోసం వెతకండి. స్తూపపు వేదికకు తాపడం చేసిన ఇలాంటి పలకల మీద ప్రాకారం, సింహాలు, ఆయక స్తంభాలు, అండం, పైన ఎగురుతున్న గంధర్వులు, మొత్తం కట్టడం చిన్నదిగా కనిపిస్తుంది. శిల్పులే మనకు వదిలివెళ్లిన పటం అది. వీలైతే నోటు పుస్తకంలో దాని గీతలను వేసుకోండి. బొమ్మ బాగా రానక్కరలేదు, గీసేటప్పుడు కన్ను చూసినది ఫోటో తీసేటప్పుడు చూడదు.

పూర్ణకుంభం పలకల దగ్గర మరికొంతసేపు ఆగండి. పద్మాలతో నిండిన ఈ కుండనే 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన రాజముద్ర మధ్యలో నిలిపింది. అమరావతిలో దొరికిన ఒక పూర్ణకుంభపు పలకను దానమిచ్చినవాడు విధికుడు అనే చర్మకారుడని దాని మీది శాసనం చెబుతోంది. ఇక్కడి శాసనాల్లో రాజుల కన్నా గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు, వారి కుటుంబసభ్యులే ఎక్కువగా కనిపిస్తారు. అందుకే పలక అంచున చిన్న బ్రాహ్మీ అక్షరాల వరుస కనిపిస్తే, ఎవరు ఇచ్చారో పక్కనున్న వివరణలో తప్పక చదవండి. అమరావతి శాసనాల్లోని "నాగబు" అనే మాటను మనకు దొరికిన అతి ప్రాచీనమైన తెలుగు పదాల్లో ఒకటిగా పండితులు గుర్తించారు.

ఇప్పుడు స్తూపం వద్దకు నడవండి. సుమారు 50 మీటర్ల వ్యాసంతో ఉన్న ఈ మహాచైత్యం క్రీస్తుకు పూర్వమే మొదలై, శాతవాహనుల కాలంలో విస్తరించి, క్రీస్తు శకం 3వ శతాబ్దం దాకా కొత్త తాపడాలను అందుకుంటూ వచ్చింది. కుడివైపు ఉంచుకుని ప్రదక్షిణగా నడవండి. శిల్పాలు ఆ దిశలో నడిచేవారి కోసమే అమర్చినవి. నాలుగు దిక్కులా ముందుకు వచ్చిన ఇటుక వేదికలను గుర్తించి, వాటి మీద ఐదేసి స్తంభాలను ఊహించుకోండి. ఉదయం, సాయంత్రం ఏటవాలు వెలుగులో రాతి మీది గీతలు స్పష్టంగా కనిపిస్తాయి, మధ్యాహ్నం ఎండలో మాయమైపోతాయి. ఈ రాయిని పాలరాయి అని పిలవడం అలవాటైంది గాని, ఇది పల్నాటి సున్నపురాయి. సున్నితంగా చెక్కడానికి అనుకూలించిన ఆ గుణమే, సున్నం కోసం కాల్చడానికీ అనుకూలించింది.

ఈ దిబ్బ ఎలా ఖాళీ అయిందో తెలుసుకోవడం కూడా సందర్శనలో భాగమే. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు ఇక్కడ పట్టణం కట్టించినప్పుడు దీపాలదిన్నె అని పిలిచే ఈ దిబ్బను తవ్వి రాళ్లు తీశారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో దీనిని చూసి, మళ్లీ 1816లో వచ్చి చిత్రకారులతో బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల్లో ఉన్న కొన్ని పలకలు ఈనాడు ఎక్కడా లేవు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన శిల్పాలు 1859లో లండన్‌కు చేరాయి. 1877లో రాబర్ట్ సూయెల్ తవ్వాడు. 1880లో గవర్నరు ఆజ్ఞతో దిబ్బను మధ్య నుంచి తొలిచివేసిన తరువాత, మిగిలినదాన్ని నమోదు చేయడానికి జేమ్స్ బర్జెస్ వచ్చాడు. ఈ వరుస తెలిసి నిలబడితే ఎదురుగా ఉన్న ఖాళీ స్థలం కూడా మాట్లాడుతుంది.

చివరగా అమరేశ్వరాలయానికి వెళ్లండి. పంచారామాల్లో ఒకటైన ఈ శివాలయంలో 1182లో కోట వంశపు కేతరాజు వేయించిన శాసనం ఉంది. శివునికే కాక బుద్ధునికి కూడా ఆయన దానాలు చేశాడని, అప్పటికీ చైత్యం ఉన్నతంగా నిలిచి ఉందని అది సాక్ష్యమిస్తోంది. శ్రీలంకలోని గడలాదెణియ శాసనం ప్రకారం 1344 ప్రాంతంలో కూడా ఒక సింహళ స్థవిరుడు, అంటే పెద్ద భిక్షువు, ధాన్యకటకంలో (అమరావతికి పాత పేరు) మరమ్మతులు చేయించాడు. బౌద్ధం ఇక్కడ ఒక్కసారిగా ఆరిపోయిందనుకునేవారు ఈ రెండు తేదీలను గుర్తుంచుకోవాలి. గుడిలో పూజావేళలకు, వస్త్రధారణకు సంబంధించిన మర్యాదలు పాటించాలి. శాసన స్తంభాలకు పసుపు కుంకుమలు పూయడం, నూనె రాయడం అక్షరాలకు చేటు చేస్తుంది కనుక పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

సమయం మిగిలితే తిరుగుదారిలో, ప్రకాశం బ్యారేజీకి దగ్గరలో, తాడేపల్లి పక్కనున్న ఉండవల్లి గుహలు చూడవచ్చు. కొండనే నాలుగు అంతస్తులుగా తొలిచిన కట్టడం అది. పై అంతస్తుల్లో ఒకదానిలో శయనించిన అనంతపద్మనాభుని భారీ విగ్రహం ఉంది. గంట సమయం సరిపోతుంది.

నాలుగవ మెట్టు: నాగార్జునకొండ, లాంచీ వేళను బట్టి రోజును అమర్చుకోవడం

ఇక్కడ మీ సమయం మీ చేతిలో ఉండదు. మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరుకుని, అక్కడి లాంచీ స్టేషన్ నుంచి జలాశయం మీద సుమారు 11 కిలోమీటర్లు ప్రయాణించి ద్వీపానికి వెళ్లాలి. తెలంగాణ వైపు నుంచి వచ్చేవారికి ఆ ఒడ్డున కూడా లాంచీలు ఉంటాయి. ప్రయాణం ఒకవైపే ముప్పావు గంట, గంట పడుతుంది. తగినంతమంది ప్రయాణికులు వస్తేనే లాంచీ కదులుతుంది కనుక ఉదయం మొదటి లాంచీకే చేరుకోండి. ఎక్కేటప్పుడే రెండు ప్రశ్నలు అడగండి: ద్వీపంలో ఎంతసేపు ఆగుతుంది, అది తప్పితే తరువాతి లాంచీలో ఇదే టికెట్టుతో రానిస్తారా? చాలామందికి అక్కడ దొరికేది గంట, గంటన్నర మాత్రమే. ఆ సమయంలో సగం పడవ దిగిన చోట ఫోటోలకే పోతుంది. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే అడిగి తీసుకుని వేసుకోండి. నీళ్లు, టోపీ, తినడానికి ఏదైనా వెంట ఉండాలి.

లాంచీలో కూర్చున్నప్పుడు కింద ఏముందో తలుచుకోండి. క్రీస్తు శకం 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మీ పడవ అడుగున ఉంది. 1926లో ఈ లోయ పురావస్తు శాఖ దృష్టికి వచ్చింది. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. లోయ మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ అంతటా తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను విడదీసి కొండ మీద తిరిగి నిర్మించారు. మరికొన్నింటిని తూర్పు ఒడ్డున అనుపు వద్దకు తరలించారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఒకప్పుడు లోయ మధ్య నిలిచిన కొండ శిఖరమే ఈనాటి ద్వీపం.

ద్వీపంలో దిగగానే నేరుగా మ్యూజియానికి వెళ్లండి. తక్కువ సమయంలో ఎక్కువ చూపించేది అదే. పాతరాతియుగపు పనిముట్ల నుంచి ఇక్ష్వాకుల నాటి శిల్పాల దాకా లోయలోని మానవ జీవితమంతా అక్కడ వరుసగా ఉంది. వేదిక పలకల్లో మాంధాత కథను, శిబి జాతకాన్ని, నందుడి కథను వెతకండి. ఒకే పొడవాటి పలకను గదులుగా విభజించి కథ నడిపించారు. గదికీ గదికీ మధ్య కనిపించే స్త్రీపురుషుల జంటలు కథలో పాత్రలు కావు, విరామ చిహ్నాల వంటివి. దీన్ని గమనించకపోతే కథ పొంతన కుదరదు.

శాసనాల్లో ఒక విశేషాన్ని గమనించండి. ఇక్ష్వాకు రాజులు వైదిక యజ్ఞాలు చేసినవారు; స్తూపాలకు, విహారాలకు దానాలిచ్చినవారు వారి ఇంటి ఆడపడుచులు, రాణులు. మహాచైత్యాన్ని వీరపురుషదత్తుని 6వ రాజ్యవర్షంలో పూర్తి చేయించిన చాంతిసిరి, తొలి రాజు చాంతమూలుని సోదరి. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో కాశ్మీర, గాంధార, చీన, యవన, తామ్రపర్ణి (శ్రీలంక) దేశాల పేర్లు వస్తాయి. నది ఒడ్డున ఉన్న ఈ లోయకు ఎంత దూరపు లోకంతో సంబంధం ఉండేదో ఆ జాబితా ఒక్కటే చెబుతుంది.

మ్యూజియం నుంచి బయటికి వచ్చాక తిరిగి నిర్మించిన స్తూపాల పునాదులను పైనుంచి చూడండి. అడ్డగోడలు బండిచక్రపు ఆకుల్లా కేంద్రం నుంచి అంచుకు సాగుతాయి. 106 అడుగుల వ్యాసం ఉన్న మహాచైత్యానిది కూడా ఈ పద్ధతే. కొన్నింటిలో మధ్యన స్వస్తిక ఆకారం కనిపిస్తుంది. ఇవి అసలు చోటున లేవన్న సంగతిని మరువకుండా, కట్టడపు పద్ధతిని మాత్రం ఇక్కడ నేర్చుకోవాలి.

తిరిగి ఒడ్డుకు చేరాక అనుపుకు వెళ్లడం మానవద్దు. లాంచీ స్టేషన్ నుంచి కొద్ది కిలోమీటర్లే. రాతి మెట్ల వరుసల మధ్య దీర్ఘచతురస్రాకారపు మైదానం ఉన్న రంగస్థలం, విహారాలు, చైత్యగృహాలు అక్కడ ప్రశాంతంగా, దాదాపు ఎవరూ లేకుండా ఉంటాయి. నా మటుకు నాకు ద్వీపంలో దొరకని తీరిక అక్కడ దొరికింది. తెలంగాణ వైపు బస చేసేవారు 2022లో ప్రారంభమైన బుద్ధవనాన్ని కూడా చూడవచ్చు. అక్కడివి కొత్త నిర్మాణాలే అయినా, అమరావతి స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో పూర్తి పరిమాణానికి దగ్గరగా ఊహించుకోవడానికి అక్కడి మహాస్తూపం తోడ్పడుతుంది.

ఐదవ మెట్టు: చిన్న దిబ్బలకు కూడా ఒక రోజు

భట్టిప్రోలు తెనాలి–రేపల్లె రైలుమార్గంలో ఉంది. 1892లో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వినప్పుడు శాసనాలున్న మూడు ధాతుపేటికలు (అస్థికలను భద్రపరిచే రాతి పెట్టెలు), వాటిలో స్ఫటికపు బరిణెలు దొరికాయి. కుబీరకుడు అనే రాజు పేరు వాటి మీద ఉంది. అక్షరాలు బ్రాహ్మీలోనే కొంత భిన్నమైన రీతిలో ఉండడంతో దానికి భట్టిప్రోలు లిపి అన్న పేరే స్థిరపడింది. పేటికలు ఊళ్లో లేవు. మీరు చూసేది స్తూపపు ఇటుక కట్టడాన్ని. అరగంటలో చూడడం అయిపోతుంది, అయినా వెళ్లాలి.

గాయకుని ఇంటిపేరుగానే తెలుగువారికి ఎక్కువగా తెలిసిన ఘంటసాల, కృష్ణా జిల్లాలో సముద్రానికి చేరువలో ఉన్న ప్రాచీన ఓడరేవు. ప్రాచీన గ్రీకు భూగోళవేత్త టాలెమీ చెప్పిన కొంటకొస్సిల ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. నాగార్జునకొండలో మీరు చూసిన బోధిసిరి శాసనంలోని కంటకసేల కూడా ఇదే. ఇక్కడి మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద ఆమె ఒక రాతి మండపం కట్టించింది. నది ఎగువన శాసనం, దిగువన ఊరు: రెండింటినీ చూసినవారికే ఈ దారం దొరుకుతుంది. ఊళ్లో చిన్న మ్యూజియం ఉంది.

జగ్గయ్యపేటకు అమరావతి వైపు నుంచి వెళ్లాలనుకునేవారు మాదిపాడు–ముక్త్యాల మధ్య బల్లకట్టు మీద కృష్ణ దాటే అవకాశం ఉంది. వరద కాలంలో దానిని నిలిపివేస్తారు. అక్కడి ధనంబోడు అనే దిబ్బ మీది స్తూపాన్ని 1882లో బర్జెస్ పరిశీలించాడు. రాజు చేయి ఎత్తగానే మేఘాల నుంచి నాణేలు కురుస్తున్నట్టు, ఆయన చుట్టూ చక్రవర్తికి చెందే సప్తరత్నాలు ఉన్నట్టు చెక్కిన ప్రసిద్ధ మాంధాత పలక ఇక్కడిదే.

ఆరవ మెట్టు: రాతి దగ్గర మెలగవలసిన తీరు

పలకలను చేతితో తాకవద్దు. వేలి చెమట ఈ మెత్తని రాతికి హాని చేస్తుంది. మ్యూజియంలో ఫ్లాష్ వాడరాదు. ఫోటోలకు అనుమతి ఉందో లేదో లోపలికి వెళ్లేటప్పుడే అడగాలి. ఇటుక వేదికల మీదికి ఎక్కి కూర్చోవడం, నేల మీద కనిపించిన పెంకునో ఇటుక ముక్కనో జ్ఞాపకంగా తీసుకురావడం చూస్తూనే ఉంటాం. రక్షిత కట్టడానికి నష్టం కలిగిస్తే 1958 నాటి చట్టం ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. శిక్ష మాట అటుంచి, ముక్కలు ముక్కలుగా చెదిరిపోయిన చోటు నుంచి ఇంకొక ముక్కను తీసుకుపోవడం ఎవరికీ తగదు.

కాపలాదారులతో, ఊరి పెద్దలతో మాట్లాడండి. ఏ పొలంలో చెక్కిన రాయి బయటపడిందో, ఏ గుడి మెట్టులో పాత పలక ఉందో వారికి తెలుసు. పొలంలో అలాంటి రాయి కొత్తగా బయటపడినట్టు తెలిస్తే, దాన్ని కదపకుండా తహసీల్దారు కార్యాలయానికి గాని పురావస్తు శాఖకు గాని తెలియజేయమని వారికి చెప్పండి.

ఏడవ మెట్టు: చెన్నైలో పూర్తి చేయడం

ఈ యాత్ర కృష్ణ ఒడ్డున ముగియదు. ఇంటికి వచ్చిన కొన్ని నెలలకైనా ఎగ్మూరు మ్యూజియంలోని అమరావతి గదికి వెళ్లండి. మదపుటేనుగు నాళాగిరి వీధిలో జనాన్ని చిందరవందర చేయడం, బుద్ధుని పాదాల వద్ద మోకరిల్లడం ఒకే వృత్తంలో చెక్కిన పలక అక్కడ ఉంది. జగ్గయ్యపేట మాంధాత, భట్టిప్రోలు పేటికలు చేరినది కూడా ఆ మ్యూజియానికే. లండన్ వెళ్లే అవకాశం ఉన్నవారు బ్రిటిష్ మ్యూజియం 33ఏ గదిలో రెండువైపులా చెక్కిన వేదిక పలకను చూడాలి: ఒకవైపు బుద్ధుడు రూపం లేకుండా సంకేతంగా ఉన్న తొలినాటి శిల్పం, ఆ పలకనే వెనక్కి తిప్పి రెండు మూడు శతాబ్దాల తరువాత చెక్కిన స్తూపం మరోవైపు. అమరావతిలో గీసుకున్న నోటు పుస్తకాన్ని అప్పుడు వెంట తీసుకెళ్లండి. ఎగ్మూరు మ్యూజియానికి కూడా సెలవు శుక్రవారమే.